మా నాన్న వెనక్కి తీసుకున్న పాఠం

గురజాల చుట్టుపక్కల ఊళ్లలో నరసింహారావు అంటే ఎవరో అని ఆలోచిస్తారు. సాక్షుల నరసింహారావు అంటే మాత్రం ఇల్లు కూడా చూపిస్తారు. ఆయన మా నాన్న. వకీలు కాదు. ఏడో తరగతి దాకా చదివి, మిరపతోట వేసుకునే రైతు. మా తాత పోతూ పోతూ పొలంతో పాటు ఒక గట్టు తగాదా కూడా ఇచ్చిపోయాడు. ఆ కేసు కోసం నాన్న గురజాల కోర్టుకీ నరసరావుపేట కోర్టుకీ ఏళ్ల తరబడి తిరిగాడు. కేసు గెలిచేసరికి జుట్టు నెరిసింది. కోర్టు మాత్రం అరచేతిలోకి వచ్చింది.

మా వైపు ఊళ్లలో కొట్లాట అయిందంటే గాయాలు మానకముందే సాక్షుల్ని వెతుకుతారు. ఆ సాక్షుల్ని తీసుకుని మా నాన్న దగ్గరికి వచ్చేవాళ్లు. కళ్లంలో ఆరబోసిన మిరపకాయల పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి నాన్న వాళ్లని కూర్చోబెట్టేవాడు. తను ఎదుటి పక్షం వకీలు అయిపోయేవాడు. గొంతు కూడా మారిపోయేది.

"గొడవ జరిగినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"బర్రెల్ని తోలుకుపోతున్నానండి."

"ఎన్ని బర్రెలు?"

అక్కడ ఆ మనిషి నీళ్లు నమిలితే నాన్న తుండుగుడ్డ విదిలించేవాడు. "ఒరేయ్, నీ బర్రెలు ఎన్నో నీకే తెలియకపోతే నిన్నెవడు నమ్ముతాడురా? మళ్లీ మొదట్నించీ చెప్పు."

అడిగిందానికే జవాబు చెప్పాలి. మన వకీలు మొహం వంక చూడకూడదు. కళ్లార్పకూడదు. చివరికి ఎప్పుడూ ఒకటే ప్రశ్న అడిగేవాడు: "ఇదంతా నీకెవరు నేర్పారు?" దానికి తొణక్కుండా "ఎవరూ నేర్పలేదండి" అంటే పాఠం అయిపోయినట్టు. నాన్న తొడ చరిచి శభాష్ అనేవాడు. గొడవ చూసినవాళ్లకీ నేర్పాడు, చూడనివాళ్లకీ నేర్పాడు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు. పొలానికి నీళ్లు కట్టినట్టు అదీ ఒక పనే అనుకున్నారు ఊళ్లో. మేమూ అట్లాగే అనుకున్నాం.

ఇంటర్ మొదటి ఏడాదిలోనే నేను కాలేజీ మానేశాను. అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయితే ఇంట్లో మనిషి కావలసి వచ్చింది. అందుకని మిరపకాయల తొడిమలు తీస్తూ, వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇస్తూ, ఇదంతా దగ్గరుండి చూసింది నేనే.

మా అక్క నిరోషని పిడుగురాళ్ల ఇచ్చాం. యోగేశ్ బావకి సున్నపు బట్టీల దగ్గర లారీలు తిప్పే పని. మొదట్లో బాగానే ఉన్నారు. తర్వాత ప్రతిదానికీ మాటా మాటా పెరిగింది. ఒకరోజు బావ చెయ్యి చేసుకున్నాడు. అక్క కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చేసింది, మళ్లీ పోలేదు. గురజాలలో ఒక ప్రైవేటు స్కూల్లో చిన్నపిల్లలకి చెప్పడానికి చేరింది. పాప భవితని కూడా అదే స్కూల్లో వేసింది. విడాకుల దాకా వచ్చాక, పిల్లని తనకి ఇప్పించమని బావ నరసరావుపేట కోర్టులో కేసు వేశాడు.

వాయిదాకి పోయినప్పుడల్లా కోర్టు ఆవరణలో బావ పాపని చూసుకునేవాడు. పాప పక్కనే బల్ల మీద బావ కూర్చుంటే, ఇటు మావాళ్లు, అటు వాళ్లవాళ్లు నిలబడి కాపలా కాసేవాళ్లు. బావ తెచ్చిన బిస్కెట్టు తినాలంటే పాప ముందు మా అమ్మ మొహం చూసేది. తర్వాత తండ్రి మొహం చూసేది. చివరికి ఆ బిస్కెట్టు చేతిలోనే మెత్తబడిపోయేది.

పాపకి తొమ్మిదేళ్లు నిండాక మా వకీలు శ్రీమన్నారాయణ గారు నాన్నకి ఫోన్ చేశారు. ఫోన్ స్పీకర్‌లో ఉంది, అందరం విన్నాం.

"నరసింహారావు గారూ, వచ్చే వాయిదాకి జడ్జి మేడమ్ పాపని తన గదిలోకి పిలుస్తారు. ఒక్కదాన్నే. మనం ఎవరం ఉండం. ఇట్లాంటి కేసుల్లో తల్లి గొప్పా తండ్రి గొప్పా అని చూడరు, పిల్లకి ఏది మంచిదో అదే చూస్తారు. పాప ఏం చెప్తే అదే తీర్పు అని కాదు గానీ, తెలిసే వయసు పిల్ల కాబట్టి ఆ మాటకి బరువుంటుంది. మీకు నేను చెప్పేదేముంది? పాపని రెడీ చేయండి."

"అదెంత పనండీ" అన్నాడు నాన్న.

అక్క మొహంలోకి అప్పుడు కొంచెం కళ వచ్చింది. అప్పటిదాకా రోజూ అన్నం దగ్గర ఒకే మాట అనేది, వాళ్లకి టౌనులో ఇల్లుంది, ఇంగ్లీషు మీడియం స్కూలు పక్కనే ఉంది, పిల్లని వాళ్లకే ఇస్తారేమో అని.

మర్నాడు స్కూలు నుంచి రాగానే కళ్లంలో భవితకి కుర్చీ వేశారు. కాళ్లు నేలకి అందలేదు.

"నాన్న దగ్గర ఉంటావా, అమ్మ దగ్గర ఉంటావా?"

"అమ్మ దగ్గరండి."

"ఎందుకు?"

"నాన్నంటే భయమండి. అమ్మని కొట్టాడండి. నాయనమ్మ అన్నం పెట్టదండి."

కొట్టిన మాట నిజం. అన్నం మాట మా అమ్మ ప్రమీలమ్మ చేర్పించింది. బావ వాళ్ల అమ్మ కోటేశ్వరమ్మత్తకి ఈ పిల్లంటే ప్రాణం. సజ్జరొట్టెలో బెల్లం పెట్టి, మడిచి, చల్లారేదాకా ఊదిపెట్టేది. అది అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. నేను మాత్రం తొడిమలు తీస్తూనే కూర్చున్నాను.

భవిత చానా తొందరగా నేర్చుకుంది. మగవాళ్లకి వారం పట్టే పాఠం దానికి రెండు మూడు సాయంత్రాల్లో వచ్చేసింది. కళ్లం పక్కగా పోయేవాళ్లు ఆగి చూసి, "నరసింహారావు బాబాయ్ మనవరాలంటే ఆ మాత్రం ఉండదా!" అని మెచ్చుకుని పోతున్నారు. ఆ వారం చివరిరోజు నాన్న పూర్తిగా ఎదుటి వకీలు అయిపోయాడు. గొంతు పెంచాడు.

"నాయనమ్మ ఏ రోజూ అన్నం పెట్టలేదా?"

"ఏ రోజూ పెట్టలేదండి."

"పండగనాడు కూడా?"

"పండగనాడు కూడా పెట్టలేదండి. పస్తు పడుకున్నానండి."

పస్తు మాట ఎవరూ నేర్పలేదు. అది సొంతంగా కలుపుకుంది.

"ఇదంతా నీకెవరు నేర్పారు?"

భవిత నాన్న కళ్లలోకి సూటిగా చూసింది. నేర్పిన మనిషి మొహంలోకే చూస్తూ, రెప్ప వెయ్యకుండా, "ఎవరూ నేర్పలేదండి" అంది. గొంతులో ఎక్కడా వణుకు లేదు. తర్వాత నవ్వి, "బాగా చెప్పానా తాతయ్యా?" అని అడిగింది.

నాన్న తొడ చరచలేదు. శభాష్ అనలేదు. తుండు తీసి మొహం తుడుచుకుని, "పో అమ్మా, పోయి ఆడుకో" అన్నాడు. అది పోయాక కూడా ఖాళీ కుర్చీ వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. మిరపకాయల మీద పట్టా కప్పే వేళయినా లేవలేదు, నేనే కప్పాను.

ఆ మర్నాడు కుర్చీ వెయ్యలేదు. పాఠం లేదన్నాడు. అమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది.

"ఏందయ్యా లేదనేది? ఊరందరి సాక్షులకీ తెరుచుకున్న నోరు సొంత మనవరాలి దగ్గర మూతపడిందా?"

"ఆ సాక్షులు కేసు అయ్యాక ఎవరిళ్లకి వాళ్లు పోయారే. ఇది మనింట్లోనే పెరగాల. నిన్న నా మొహం చూస్తా అబద్ధం చెప్పింది, నాకే నిజం అనిపించింది. ఇంక దీని మాటల్లో ఏది నిజమో నేనెట్టా కనిపెట్టాల?"

"పిల్ల పిడుగురాళ్ల పోయాక తీరిగ్గా కనిపెట్టు."

అక్క ఏడవలేదు. నాన్న ఎదురుగా వచ్చి నిలబడింది. "నా పిల్ల నా చెయ్యి దాటితే ఎవరిది పూచీ నాన్నా?"

"నాదే" అన్నాడు నాన్న. అక్క రెండు రోజులు ఆయనకి అన్నం వడ్డించలేదు. నేనే వడ్డించాను.

నేర్పడం ఆపినంత సులువు కాలేదు, నేర్పింది తియ్యడం. భవితని పక్కన కూర్చోబెట్టుకుని, "నేను చెప్పినవన్నీ మర్చిపో" అన్నాడు.

"మర్చిపోతే జడ్జి గారికి ఏం చెప్పాలి?"

"నీకేమనిపిస్తే అది చెప్పు."

"నాకేమనిపించాలి తాతయ్యా?"

కోర్టులో ఎంతటి వకీలు అడిగినా తడుముకోని నాన్న, తుండు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "నాయనమ్మని చూడబుద్ధవుతుందా?" అని అడిగాడు.

భవిత ముందు మా అమ్మ ఎక్కడుందో చూసింది. అమ్మ పెరట్లో ఉంది. అప్పుడు తల ఊపింది, చాలా చిన్నగా.

కేసు నడుస్తుండగా పిల్లని ఎదుటి పార్టీ ఇంటికి పంపడం మా పల్నాటిలో ఎవరూ చెయ్యరు. పంపితే మళ్లీ తిరిగి పంపుతారో లేదో. వకీలు గారు ఫోన్లో గట్టిగానే కోప్పడ్డారు: "మీరా నరసింహారావు గారూ, ఈ పని చేసేది? వాళ్లు పిల్లని తిరిగి పంపం అంటే ఏం చేస్తారు?" నాన్న విన్నాడు. విని, బావకి ఫోన్ చేశాడు. కేసు మొదలయ్యాక ఇద్దరూ కోర్టు బయట మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

"యోగేశా, ఆదివారం పాపని తీసుకొస్తా. సాయంత్రం దాకా మీ అమ్మ దగ్గర ఉంటది. నేను వీధి చివర ఉంటా."

"సరే మావయ్యా" అన్నాడు బావ.

పాపకి తోడు నన్ను తీసుకెళ్లాడు. బస్సు దిగేసరికి పిడుగురాళ్లలో ఎప్పటిలాగే సున్నపు దుమ్ము, లారీల హారన్లు. కోటేశ్వరమ్మత్త ఇంటి ముందే నిలబడి ఉంది. పిల్లని చూసి పరుగెత్తబోయి, నాన్నని చూసి ఆగింది. "లోపలికి రండి అన్నయ్యా" అంది.

"కేసు తెగకుండా రాకూడదమ్మా" అని నాన్న మొహం తిప్పుకున్నాడు.

పాపని లోపలికి పంపి మేమిద్దరం వీధి చివర మెకానిక్ షెడ్డు నీడలో కూర్చున్నాం. ఆ షెడ్డు అబ్దుల్ మజీద్ గారిది, లారీలు బాగుచేస్తారు. నాన్నని గుర్తుపట్టారు. పూర్వం ఒక యాక్సిడెంట్ కేసులో సాక్ష్యానికి మా కళ్లంలోనే పాఠం చెప్పించుకున్నారట.

"ఏంది నరసింహారావు భాయ్, సొంత పిల్లని శత్రువుల ఇంట్లో వదిలి ఇక్కడ కూర్చున్నావు? లోపల వాళ్లు నేర్పరా ఏంది?"

"నేర్పొచ్చు."

"మరి?"

"ముందు నేర్పింది నేనే గదా. నేను నమ్మితేనే గదా వాళ్లు నమ్మేది."

మజీద్ గారు నవ్వి, స్పానర్ పట్టుకుని లారీ కిందికి దూరారు. నాన్న మాత్రం పొద్దు వాలేదాకా ఆ ఇంటి వాకిలి మీది నుంచి చూపు తిప్పలేదు. నేను ఆయన చేతుల్ని చూస్తున్నాను. తుండు అంచు పోగులన్నీ ఒకటొకటిగా లాగేశాడు.

సాయంత్రం బావే పాపని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి అప్పగించాడు. మూతి నిండా బెల్లం. బస్సులో భవిత కిటికీలోంచి బయటికి చూస్తూ, "పస్తు మాట చెప్పను తాతయ్యా" అంది. నాన్న ఇంకేమీ అడగలేదు. ఇంటికొచ్చాక అందరికీ గట్టిగా చెప్పేశాడు, పిల్ల వినేట్టుగా కేసు మాట ఎత్తొద్దని. అమ్మ రెండుసార్లు ఎత్తబోతే రెండుసార్లూ గిన్నె పక్కకి పెట్టి అన్నం దగ్గర్నించి లేచిపోయాడు. మూడోసారి అమ్మే ఊరుకుంది.

వాయిదా రోజు వచ్చింది. నరసరావుపేట కోర్టు హాలు నిండా జనం. మేము ఒక పక్క, బావ వాళ్లు ఒక పక్క. శ్రీమన్నారాయణ గారు నాన్న చెవి దగ్గరికి వంగి, "పాప రెడీనా?" అన్నారు.

"నేనేం నేర్పలేదండి."

"జోకులెయ్యకండి."

"లేదండి. ఏం చెప్తదో నాకూ తెలియదు."

వకీలు గారు కళ్లజోడు తీసి నాన్న వంక చూశారు, అంతే. అప్పటికే అటెండరు భవితని పిలిచాడు. అది వెనక్కి తిరిగి చూడకుండా జడ్జి మేడమ్ గదిలోకి పోయింది. తలుపు మూసుకుంది. అక్క నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగబడ్డాయి. అటుపక్క బావ తలొంచుకుని చెప్పుల వంక చూసుకుంటున్నాడు. ఆ తలుపు ఎంతకీ తెరుచుకోలేదు. ఒకసారి లోపల్నించి నవ్వు వినిపించింది. మేడమ్‌దో పాపదో తెలియలేదు.

భవిత బయటికి వచ్చి అక్క పక్కన కూర్చుంది. మేడమ్ వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. చిన్న గొంతుతోనే మాట్లాడారు గానీ హాలంతా వినిపించింది.

"పాప నాతో చెప్పింది బయట చెప్పను. ఒక్క సంగతి మాత్రం అడగొచ్చా అని పాపనే అడిగాను, అడగమంది. తాతగారు ఎవరు?"

నాన్న లేచాడు. శ్రీమన్నారాయణ గారు వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగారు. నాకు కనిపించింది.

"మీరు పాపకి ఏం చెప్పాలో నేర్పారంట. నిజమేనా?"

నాన్న దగ్గర పాఠం చెప్పించుకున్నవాళ్లు ఆ హాల్లోనే ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వేరే కేసులకి వచ్చి. వాళ్లూ చూస్తున్నారు. ఈ ప్రశ్నకి ఏం చెప్పాలో ఆయన జీవితమంతా ఊరికి నేర్పాడు.

"నేర్పానండి" అన్నాడు నాన్న. "వారం పాటు నేర్పాను. తర్వాత ఆపేశాను."

"ఎందుకు ఆపారు?"

"చానా బాగా నేర్చుకుందండి. అందుకే ఆపాను."

చొక్కా పట్టుకున్న వకీలు గారి చెయ్యి వదిలేసింది. మేడమ్ ఏదో రాసుకున్నారు. "కూర్చోండి" అన్నారు. నాన్న కూర్చున్నాడు. భవిత ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. నేను నాన్నకి కూతుర్నని ఆ హాల్లో ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పాలనిపించింది. నాకు అంతకు ముందెప్పుడూ కొత్తవాళ్లతో మాట్లాడాలని అనిపించలేదు.

కొన్ని వారాలకి తీర్పు వచ్చింది. శ్రీమన్నారాయణ గారు మా అరుగు మీద కూర్చుని చదివి వినిపించారు. పాప తల్లి దగ్గరే ఉండాలి. వారం విడిచి వారం శని ఆదివారాలు, సెలవుల్లో సగం తండ్రి దగ్గర. ఇకమీదట తండ్రి పాపని చూసేది కోర్టు ఆవరణలో కాదు, ఇళ్ల దగ్గరే, పాప అట్లా కోరింది కాబట్టి. పాప ఎదుట ఒకరి మీద ఒకరు చెడ్డ మాట అనకూడదు. పాపకి ఇద్దరూ కావాలని, ఆ మాట పాప సొంత మాటేనని తాము నమ్ముతున్నామని కోర్టు రాసింది. ఆ చివరి మాట వకీలు గారు రెండుసార్లు చదివారు. "నరసింహారావు గారూ, ఆ పూట మీరు లేచి నిలబడితే కేసు పోయిందనే అనుకున్నాను" అన్నారు.

అక్క లోపలికి పోయి కంచంలో అన్నం పెట్టుకుని వచ్చి నాన్న ముందు పెట్టింది. అది అన్నం వేళ కాదు. నాన్న మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

లోపల భవిత ఇంకా ఏమేం చెప్పిందో మాకు ఇప్పటికీ తెలియదు. మేము అడగలేదు.

మొదటి శని ఆదివారాలు అయిపోయి బావ పాపని దింపడానికి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. రోడ్డు మీదే ఆగి, బ్యాగు కిందికి దించి, బండి తిప్పుకోబోయాడు. నాన్న గేటు దాకా పోయాడు.

"అబ్బాయ్, లోపలికి రా."

బావ దిక్కులు చూశాడు. భవిత ఆయన వేలు పట్టుకుని లాగింది. వచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. అమ్మ టీ తెచ్చి గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టింది, సగం ఒలికింది. "చక్కెర సరిపోయిందో లేదో" అంది గోడ వంక చూస్తూ. సరిపోయిందత్తయ్యా అన్నాడు బావ, ఇంకా తాగకముందే. అక్క గుమ్మంలో నిలబడింది. లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు. భవిత బ్యాగులోంచి బొమ్మల పుస్తకం తీసి ఒక పేజీ తండ్రికి, ఒక పేజీ తల్లికి, అటూ ఇటూ పరుగెత్తి చూపిస్తోంది. ఎవరి మొహం చూడాలా అని ఆగడం లేదు.

రోడ్డు మీద పోయేవాళ్లు బళ్లు ఆపి మరీ చూస్తున్నారు. కేసులు నడిచిన ఇంట్లో ఎదుటి పార్టీ కూర్చోవడం మా ఊళ్లో ఎవరు చూశారు? ఒకాయన ఏకంగా గేటు దగ్గరికే వచ్చి, "ఏంది నరసింహారావు బాబాయ్, ఎవరొచ్చారు?" అన్నాడు, తెలిసీ.

నాన్న కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"మా భవిత వాళ్ల నాన్న. టీ తాగుతున్నాడు" అన్నాడు, వీధి చివరిదాకా వినపడేట్టు.